గడ్డ మొత్తం తీయించుకోవాలా, ముఖం కాపాడుకోవాలా?

బెంగళూరు కె.ఆర్.పురం నుంచి ఒక టీచరమ్మ పొడుగాటి ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు కాబట్టి వివరాలు మాత్రం చెబుతాను.

ఆవిడకు 47 ఏళ్ళు. పుట్టిల్లు మదనపల్లె దగ్గర. పెళ్ళయిన దగ్గర్నుంచీ బెంగళూరే. ఒక ప్రైవేటు స్కూల్లో నాలుగో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతారు. మూడేళ్ళ కిందట ఎడమ చెవిలో హోరు మొదలైంది. తర్వాత ఆ చెవితో ఫోన్లో మాట వినపడడం మానేసింది, ఫోను కుడి చెవికి మారింది. గులిమి అని ఒకరు, వయసు అని ఇంకొకరు సరిపెట్టారు. ఆర్నెల్లుగా నడుస్తుంటే తూలు వస్తోంది. ఎడమ చెంప మొద్దుబారింది. ముఖం కడుక్కుంటే ఆ పక్క నీళ్ళు చల్లగా ఉన్నాయో గోరువెచ్చగా ఉన్నాయో తెలియడం లేదట. ఈమధ్య తెల్లవారుజామున తలనొప్పితో మెలకువ వస్తోంది, రెండుసార్లు వాంతి కూడా అయింది. ఎం.ఆర్.ఐ. తీస్తే 4.1 సెంటీమీటర్ల గడ్డ కనబడింది. రిపోర్టులో వెస్టిబ్యులార్ ష్వానోమా (ఒంటి తూకం చూసే నరం మీద పెరిగే గడ్డ), కూస్ గ్రేడ్ 4 (ఈ గడ్డల కొలతలో అన్నిటికన్నా పెద్ద మెట్టు), మెదడు కాండం (మెదడును వెన్నుపాముతో కలిపే భాగం) పక్కకు ఒరిగింది, వెంట్రికల్స్ (మెదడులో నీరుండే గదులు) కొద్దిగా ఉబ్బాయి అని ఉంది.

ఇద్దరు సర్జన్లను కలిశారు. మొదటాయన చెవి వెనక నుంచి, రెట్రోసిగ్మాయిడ్ పద్ధతిలో వెళ్తానన్నారు. ముఖం నరానికి గడ్డ గట్టిగా అంటుకుని ఉంటే అక్కడ కొద్దిగా వదిలేస్తాననీ, తర్వాత అది పెరిగితే గామా నైఫ్ (కత్తి లేకుండా కిరణాలతో చేసే వైద్యం) ఇద్దామనీ చెప్పారు. రెండో ఆసుపత్రిలో ఇ.ఎన్.టి. సర్జన్, న్యూరోసర్జన్ కలిసి చేస్తారట. లోపలి చెవిని తొలిచి వెళ్ళే ట్రాన్స్‌ల్యాబిరింథైన్ పద్ధతి. "వినికిడి ఎలాగూ పోయింది, మొత్తం తీసేస్తాం" అన్నారు. ఆ చెప్పిందంతా ఇంగ్లీషులో, భర్త వైపు తిరిగి. భర్తకు రెండోదే నచ్చింది. హైదరాబాదులో ఉన్న బావగారు మాత్రం అసలు కత్తే పెట్టించొద్దు, గామా నైఫ్ ఒక్కరోజు పని అంటున్నారు.

దీనికి తోడు రెండున్నర నెలల్లో కూతురి పెళ్ళి. లగ్నపత్రిక రాసుకున్నారు. ఆపరేషన్ పెళ్ళయ్యాకే చేయిద్దామనీ, అప్పటిదాకా వియ్యాలవారికి తెలియకూడదనీ భర్త అంటున్నారు. "మూతి వంకరపోతే ఎలా అని అడిగాను మేడమ్. 'ప్రాణం కంటే మొహం ఎక్కువైందా నీకు' అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. నేను అడిగింది తప్పా? ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలో మీరే చెప్పండి" అని ముగించారు.

*

అమ్మా, మీరు అడిగింది తప్పు కాదు. ఆ సంగతికి వస్తాను. దానికంటే ముందు, మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో తేల్చేసిన తెల్లవారుజాము తలనొప్పి గురించి మాట్లాడాలి.

నేను సర్జన్‌ని కాను. న్యూరోసర్జరీ వార్డుల్లో ఏళ్ళ తరబడి నర్సుగా పనిచేసినదాన్ని. మీ స్కాన్ నేను చూడలేదు కాబట్టి ఫలానా ఆపరేషన్ చేయించుకోండి అని చెప్పను. కానీ వెంట్రికల్స్ ఉబ్బాయని రిపోర్టులో ఉండి, పొద్దున్నే తలనొప్పీ వాంతీ ఉంటే ఆ రెండింటినీ కలిపి చూడాలి. మెదడు లోపలా చుట్టూ తిరిగే నీటికి దారులుంటాయి. మీ గడ్డ పెరిగిన చోట ఆ దారి ఇరుకుగా ఉంటుంది. గడ్డ దాన్ని ఒత్తితే నీరు వెనక్కు తన్ని తలలో ఒత్తిడి పెరుగుతుంది. రాత్రంతా పడుకుని ఉంటాం కాబట్టి తెల్లారేసరికి అది ఎక్కువవుతుంది. ఇది చాలాకాలం కొనసాగితే కంటి నరం వాచి చూపు తగ్గుతుంది, అలా పోయిన చూపు ఒక్కోసారి మళ్ళీ రాదు. కాబట్టి ఈ వారంలోనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళి, చుక్కలు వేయించుకుని, కంటి నరం వాచిందేమో చూపించుకోండి. పది నిమిషాల పరీక్ష. మీ ఇంట్లో నడుస్తున్న వాదనల్లో సగం దీనితో తేలిపోతాయి.

ఈలోగా వాంతులు ఆగకపోయినా, పగటిపూట మగతగా ఉన్నా, చూపు మసకేసినా, వస్తువులు రెండుగా కనబడినా, మంచినీళ్ళు తాగుతుంటే పొలమారుతున్నా అపాయింట్‌మెంటు కోసం ఆగకండి. ఎం.ఆర్.ఐ. సీడీ తీసుకుని న్యూరోసర్జన్ ఉన్న ఆసుపత్రిలో నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి. స్కూటీ కొన్నాళ్ళు పక్కన పెట్టండి.

ఇక బావగారి మాట. గామా నైఫ్ మంచి వైద్యమే. స్వీడన్‌లో లార్స్ లెక్సెల్ 1968లో మొదలుపెట్టిన ఈ యంత్రం మన బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రిలోనూ ఉంది. కోబాల్ట్ నుంచి వచ్చే సుమారు రెండు వందల సన్నని కిరణాలు ఒకే బిందువు మీద కలిసేలా పెడతారు. అది గడ్డను తీసేయదు, పెరక్కుండా ఆపుతుంది. మూడు సెంటీమీటర్ల లోపు గడ్డల్లో చాలావాటికి అది చాలు. మీది నాలుగు దాటింది, మెదడు కాండాన్ని ఒత్తుతోంది. పైగా కిరణాలు పడ్డ తర్వాత కొన్ని నెలల పాటు గడ్డ కాస్త వాచే అవకాశం ఉంది. అసలే చోటు లేనిచోట ఆ వాపు ప్రమాదం. మీకు గామా నైఫ్ అవసరమైతే అది ఆపరేషన్ తర్వాతే, మిగిలిన ముక్కకే. బావగారికి ఇంతవరకు చెబితే చాలు.

ఇప్పుడు ఇద్దరు సర్జన్ల సంగతి. మీ ఇంట్లో దీన్ని రెండు దారుల మధ్య పోటీగా చూస్తున్నారు. నాకు ఇందులో రెండు వేరు వేరు ప్రశ్నలు కనబడుతున్నాయి. ఏ దారిన వెళ్ళాలి అన్నది ఒకటి, ఎంత తీయాలి అన్నది రెండోది. రెండూ కలిసిపోవడం వల్లే మీకు ఎటూ తోచడం లేదు.

రెట్రోసిగ్మాయిడ్ అంటే చెవి వెనక ఎముకలో కిటికీలా తెరిచి, చిన్నమెదడును కాస్త పక్కకు జరిపి గడ్డను చేరడం. న్యూరోసర్జన్లకు బాగా అలవాటైన దారి. గడ్డ ఎంత పెద్దదైనా పనికొస్తుంది, మెదడు కాండం వైపు చక్కగా కనబడుతుంది. చిన్నమెదడును జరపాల్సి రావడం, ఆపరేషన్ తర్వాత కొందరికి తలనొప్పి ఎక్కువకాలం ఉండిపోవడం దీనిలోని ఇబ్బందులు. రెండోదానిలో చెవి వెనక ఎముకను, లోపలి చెవిని డ్రిల్లుతో తొలుచుకుంటూ వెళ్తారు. ఆ చెవిలో వినికిడి శాశ్వతంగా పోతుంది. మీకు ఎలాగూ పోయింది కాబట్టి వాళ్ళు చెప్పిన కారణం సబబే. చిన్నమెదడు జోలికి ఎక్కువ పోనక్కర్లేదు, ముఖం నరాన్ని ఎముకలో దాని చోటనే ముందుగా గుర్తుపట్టవచ్చు. తొలిచిన ఖాళీని పొట్ట దగ్గర్నుంచి తీసిన కొవ్వుతో నింపుతారు, కాబట్టి అక్కడ కూడా చిన్న కోత ఉంటుంది. మెదడు నీరు ముక్కులోంచో గాయంలోంచో కారే అవకాశం రెండు దారుల్లోనూ ఉంది. కణత వైపు నుంచి వెళ్ళే మూడో దారి చిన్న గడ్డలకే, దాని గురించి మీరు ఆలోచించనక్కర్లేదు.

దారి విషయంలో నా అభిప్రాయం అడిగితే, మీ పరిస్థితిలో రెండూ సరైనవే. వాటి మధ్య తేడా కన్నా ఆ బృందానికి ఆ దారిలో ఉన్న అలవాటు ముఖ్యం. ఏటా ఇంత పెద్దవి పదుల్లో చేసే బృందానికీ, అప్పుడప్పుడూ చేసే బృందానికీ ఫలితాల్లో తేడా ఉంటుంది. ఆసుపత్రి భవనం, గదిలో సోఫా దీనికి కొలతలు కావు.

అసలు తేల్చుకోవాల్సింది రెండో ప్రశ్న. ఎంత తీయాలి?

ముఖం నరం, వినికిడి నరం, తూకం నరం ఒకే ఎముక సందులోంచి వెళ్తాయి. మీ గడ్డ తూకం నరం పొర మీద పుట్టింది, క్యాన్సర్ కాదు. కానీ నాలుగు సెంటీమీటర్లు పెరిగేసరికి పక్కనున్న ముఖం నరం సాగి సాగి, ఉల్లిపొరలా పలచబడి గడ్డ మీద పరుచుకుని ఉంటుంది. పైగా చాలామందిలో అది గడ్డకు ముందు వైపున, అంటే వెనక నుంచి వచ్చే సర్జన్‌కు అవతలి వైపున ఉంటుంది. అందుకే ముందు గడ్డ లోపలి భాగాన్ని తొలిచి డొల్ల చేస్తారు. ఆ తర్వాత పైపొరను కొద్దికొద్దిగా లోపలికి మడుస్తూ నరం నుంచి విడదీస్తారు. ముఖం కండరాల్లో సన్నని సూదులు గుచ్చి, నరం ఎక్కడుందో యంత్రంతో వింటూ ఉంటారు. ఎనిమిది, పది గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పట్టే పని ఇదే. కొన్ని గడ్డలు పొర ఊడినట్టు వచ్చేస్తాయి. కొన్ని రావు. ఎముక సందు అంచు దగ్గర, మెదడు కాండం దగ్గర అతుక్కుపోతాయి. అలాంటిచోట లాగితే గడ్డతో పాటు నరమూ వస్తుంది.

మొత్తం తీయాలా కొంచెం వదలాలా అన్న ఈ వాదన మీ ఇద్దరు డాక్టర్లది కాదు, వందేళ్ళది. అమెరికాలో హార్వే కుషింగ్ అనే సర్జన్ గడ్డ లోపలి భాగం మాత్రం తీసి పెంకు వదిలేసేవారు. ఆ రోజుల్లో మొత్తం తీయబోతే ఎక్కువమంది బల్ల మీదే పోయేవారు, ఆయన పద్ధతిలో చాలామంది బతికారు. కానీ మిగిలింది మళ్ళీ పెరిగేది. ఆయన తర్వాత వాల్టర్ డాండీ మొత్తం తీసి చూపించారు, ముఖం నరం మాత్రం చాలామందిలో పోయేది. 1960లలో విలియమ్ హౌస్ మైక్రోస్కోపు, డ్రిల్లు తెచ్చి లోపలి చెవి దారిని మళ్ళీ నిలబెట్టారు. ఇప్పుడు ఎం.ఆర్.ఐ. ఉంది, నరాన్ని కనిపెట్టే యంత్రం ఉంది, మిగిలినదాన్ని అదుపులో పెట్టడానికి గామా నైఫ్ ఉంది. అందుకే పెద్ద గడ్డల్లో నరానికి అంటిన పలచని పొరను వదిలేయడం ఇవాళ చాలామంది అనుభవజ్ఞులు ఎంచుకుంటున్న పద్ధతి. మొదటి డాక్టరుగారు చేతగాక అలా అన్నారని మీ వారు అనుకుంటున్నట్టున్నారు. నాకు అలా అనిపించలేదు.

అలాగని వదిలేయడం ఉత్తినే అయిపోదు. మిగిల్చిన ముక్క చిన్నదైతే చాలావరకు కదలకుండా ఉండిపోతుంది, పెద్దదైతే పెరిగే అవకాశం ఎక్కువ. ఏళ్ళ తరబడి ఎం.ఆర్.ఐ. తీయించుకుంటూ ఉండాలి, ప్రతిసారీ రిపోర్టు వచ్చేదాకా గుండె దడ ఉంటుంది. పెరిగితే గామా నైఫ్. అరుదుగా మళ్ళీ ఆపరేషన్, అది మొదటిదానికన్నా కష్టం. మొత్తం తీయిస్తే ఈ బెంగ చాలావరకు తీరుతుంది, పూర్తిగా కాదు, అప్పుడు కూడా కొన్నాళ్ళు స్కాన్లు ఉంటాయి. బదులుగా నరం దెబ్బతినే అవకాశం పెరుగుతుంది. మీరు దేన్ని మోయగలరు అన్నది సర్జన్ చెప్పలేరు, మీ వారూ చెప్పలేరు.

ఇక్కడ మీ వారి మాటకు జవాబు ఉంది. ముఖం నరం పోతే పోయేది అందం ఒక్కటే కాదు. కన్ను మూతపడదు. పెరుగన్నం తింటుంటే మెతుకులు దవడలో ఉండిపోతాయి, వేలితో తీసుకోవాలి. గ్లాసెత్తి మజ్జిగ తాగితే మూతి మూల నుంచి కారుతుంది. ప, బ, మ పలకడం కష్టమవుతుంది, అదీ రోజంతా మాట్లాడి బతికే టీచరుకు. మీ విషయంలో ఇంకొకటి ఉంది, దీన్ని డాక్టర్ల దగ్గర తప్పకుండా ఎత్తండి. మీ ఎడమ చెంప ఇప్పటికే మొద్దుబారింది. అంటే ఆ కంటిలో నలుసు పడినా మీకు తెలియకపోవచ్చు. మూతపడని కన్ను, స్పర్శ తెలియని కన్ను ఒకటే అయితే నల్లగుడ్డు ఎండి పుండుపడడానికి ఎక్కువ రోజులు పట్టదు. వార్డులో నేను ఎక్కువ సమయం గడిపింది ఈ కళ్ళతోనే. పగలు గంటగంటకూ చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్ పెట్టి, పైరెప్పను వేలితో దించి, టేపు అడ్డంగా అంటించాలి. రెప్ప పూర్తిగా దిగిందో లేదో టార్చి వేసి చూసేవాళ్ళం. ఇదంతా చూపు కాపాడుకోవడానికి. కాబట్టి మీరు ప్రాణాన్నీ మొహాన్నీ తక్కెడలో పెట్టి అడగలేదు.

ధైర్యం ఇచ్చే సంగతులూ ఉన్నాయి. నరం తెగకుండా ఉంటే, ఆపరేషన్ అయిన వెంటనే మూతి వంకరపోయినా చాలామందిలో నెలల్లో మెల్లగా తిరిగి వస్తుంది. ఒక్కోసారి ఏడాది దాకా పడుతుంది. డాక్టర్లు హౌస్-బ్రాక్‌మన్ అనే కొలతతో ఒకటి నుంచి ఆరు దాకా చెబుతారు. ఒకటి మామూలు ముఖం, ఆరు అసలు కదలిక లేకపోవడం. మూడు దాకా అయితే గట్టిగా మూస్తే కన్ను మూతపడుతుంది, నాలుగు దగ్గర్నుంచి మూతపడదు. నరం తెగితే, లేదా ఏడాది చూసినా కదలిక రాకపోతే, నాలుక నరంతో కలిపే ఆపరేషన్లు ఉన్నాయి. కనురెప్ప దిగడానికి చిన్న బంగారు బరువు కూడా పెడతారు.

మళ్ళీ ఇద్దరి దగ్గరికీ వెళ్ళండి, ఈసారి మీరు మాట్లాడండి. ఇంత పెద్ద గడ్డలు మీ బృందం ఏడాదికి ఎన్ని చేస్తుంది? వాళ్ళలో ఏడాది తర్వాత ఎంతమంది కన్ను మూయగలుగుతున్నారు? నరం అతుక్కుని ఉంటే మీరు ఏం చేస్తారు? చివరిది చాలా ముఖ్యం. "మొత్తం తీసేస్తాం" అన్న రెండో బృందాన్ని కూడా ఇదే అడగండి. అతుక్కుంటే మేమూ వదిలేస్తాం అని వాళ్ళు అంటే, మీరు అనుకున్నంత తేడా ఇద్దరి మధ్య లేనట్టే. అప్పుడు లోపలి చెవి దారికి మీ వారు మొగ్గడంలో తప్పులేదు. ఎట్టి పరిస్థితిలోనూ వదలం అంటే, దాని అర్థం తెలిసి ఒప్పుకోవాలి. మీ ఇష్టం ఏమిటో చెప్పి, కేస్ షీటులో రాయమనండి. మత్తు ఇచ్చాక మిమ్మల్ని అడగడానికి ఎవరికీ వీలుండదు. గడ్డ మరీ మొండిగా ఉంటే రెండు విడతలుగా చేస్తారా అని కూడా అడగండి.

ఇంగ్లీషులో అర్థం కాకపోతే ఆపండి. బెంగళూరు ఆసుపత్రుల్లో తెలుగు వచ్చిన డాక్టర్లో సిస్టర్లో ఉండని చోటు తక్కువ. కాగితం మీద బొమ్మ గీయమనండి. ఇద్దరి మాటా కలవకపోతే నిమ్హాన్స్‌లో మూడో అభిప్రాయం తీసుకోవచ్చు. రాయలసీమ నుంచి వచ్చే జనంతో హోసూరు రోడ్డులోని ఆ ఓపీ కిటకిటలాడుతుంది, ఒకరోజు సెలవు పెట్టుకునే వెళ్ళాలి. కానీ ఇలాంటి గడ్డలు అక్కడ నిత్యం చూస్తారు, ఆపరేషనూ గామా నైఫూ రెండూ ఒకేచోట ఉన్నాయి కాబట్టి ఏదో ఒకదానివైపే మొగ్గాల్సిన అవసరం వాళ్ళకు ఉండదు.

డబ్బు గురించి ఒక్క మాట. మీ వారి కంపెనీ ఇన్సూరెన్సులో గది అద్దెకు పరిమితి ఉందేమో చూడండి. దాన్ని దాటిన గది తీసుకుంటే చాలా పాలసీల్లో మిగతా ఖర్చులు కూడా ఆ నిష్పత్తిలోనే కోసేస్తారు. నరం మానిటరింగ్ ఖర్చు ప్యాకేజీలో ఉందో లేదో ముందే అడగండి.

పెళ్ళి సంగతి కంటి పరీక్షను బట్టి ఉంటుంది. కంటి నరం వాచి ఉంటే రెండున్నర నెలలు ఆగే ప్రసక్తి లేదు. వెంటనే ఆపరేషనైనా చేస్తారు, లేదా ముందు షంట్ అనే సన్నని గొట్టం వేసి నీటి ఒత్తిడి తగ్గించి కొంత వ్యవధి సంపాదిస్తారు. షంట్‌తో తలనొప్పి తగ్గిందని గడ్డ సంగతి మర్చిపోకూడదు, అది ఒత్తుతూనే ఉంటుంది. స్టెరాయిడ్ మాత్రలతో వచ్చే ఉపశమనమూ అంతే. కన్ను బాగుండి, సర్జన్ ఆగవచ్చని అంటే, ఆ మాట రాయించుకోండి, మధ్యలో ఏ లక్షణం వస్తే రావాలో కూడా రాయించుకోండి. ఈ గడ్డలు మామూలుగా మెల్లగా, ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లు పెరిగే రకం కాబట్టి, ఒత్తిడి లేనివాళ్ళకు కొన్ని వారాల ఆలస్యం కొంపలు ముంచదు. మీకు ఒత్తిడి ఉందేమోనన్నదే నా భయం.

ఇప్పుడే చేయించుకుంటే పెళ్ళినాటికి మీరు లేచి తిరుగుతుంటారు. కానీ తూలు పూర్తిగా పోకపోవచ్చు, ముఖం ఇంకా సర్దుకోకపోవచ్చు. పీటల మీద ఎక్కువసేపు కూర్చోవడం కష్టమైతే కన్యాదానం వేళకు కూర్చుని, మిగతాది తోడికోడలికి అప్పగించవచ్చు. ముహూర్తాన్ని ముందుకు జరిపి, గుళ్ళో చిన్నగా చేసి, విందు తర్వాత పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. వెనక్కు జరపడమూ ఒక దారే. అమ్మాయిని అడిగారా? పాతికేళ్ళ పిల్ల. తన పెళ్ళి కోసం తల్లి ఆపరేషన్ ఆపుకుందని తర్వాత తెలిస్తే ఆ భారం తనమీద పడుతుంది.

వియ్యాలవారికి చెప్పకూడదన్న మీ వారి భయం నాకు అర్థమైంది. వంశంలో ఉందంటారని కదా. మీ వయసులో, ఒకే చెవి వైపు వచ్చే ఈ గడ్డ దాదాపు ఎప్పుడూ వంశపారంపర్యం కాదు. ఎన్.ఎఫ్.2 అనే జన్యు జబ్బులో వచ్చేది వేరు. అది సాధారణంగా చిన్న వయసులోనే, రెండు వైపులా వస్తుంది. మీ స్కాన్‌లో కుడివైపు, మిగతా చోట్ల ఏమీ లేదని డాక్టరు చేత అనిపించుకోండి. ఆ మాట చేతిలో ఉంటే వియ్యాలవారికి మీ వారే నింపాదిగా చెప్పగలరు. దాచిపెట్టి, పెళ్ళి పందిట్లో మీరు తూలి పడిపోతే చెప్పుకోవడం ఇంకా కష్టం.

ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలని అడిగారు. పై ప్రశ్నలకు మీ వైపు తిరిగి, తడుముకోకుండా, తన సొంత ఫలితాలతో జవాబు చెప్పినవారి దగ్గరికి. ఇద్దరూ అలాగే చెబితే నేనైతే మీ స్థానంలో నరం దగ్గర ఆగడానికి సిద్ధపడ్డవారినే ఎంచుకుంటాను. మీరు వేరేలా తేల్చుకున్నా అది తప్పు కాదు, ముందు వచ్చే ఏళ్ళు గడపాల్సింది మీరు. ఈ జవాబు మీ వారికి చదివి వినిపించండి. కంటి డాక్టరు దగ్గరికి మాత్రం రేపో ఎల్లుండో, ఆయన్ను తోడు తీసుకునే వెళ్ళండి. చుక్కలు వేశాక కొన్ని గంటలు చూపు మసగ్గా ఉంటుంది.